తక్కువ చూపిన మిషన్

మా ఇంట్లో రెండు బీపీ మిషన్లు ఉన్నాయి. ఒకటి మణికట్టుకు కట్టేది, రెండోది జబ్బకు చుట్టేది. మొదటిది నేనే ఎంచుకున్నాను. ఎలా ఎంచుకున్నానో చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. కానీ ఒకసారి చర్చిలో అందరి ముందూ చెప్పినవాణ్ణి, ఇంకోసారి చెబితే అరిగిపోను.

నా పేరు జ్ఞానరాజు. కమలాపురానికి ఐదు మైళ్ల దూరంలో మా ఊరు. రెండెకరాల శెనక్కాయ చేను, తాతల నాటి రాతి చర్చి, ఆ చర్చిలో సంఘ పెద్ద అనే పేరు, ఇవీ నాకున్నవి. చేను ఏ ఏడూ నన్ను నమ్ముకోలేదు, నేనూ దాన్ని నమ్ముకోలేదు. పెద్ద అనే పేరును మాత్రం గట్టిగా పట్టుకుని వేలాడాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషినని మా ఆవిడ జీవమ్మ పెళ్లయిన నెలకే కనిపెట్టింది.

పక్క ఇల్లు మా అక్క విశ్వాసమ్మది. నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోతే, పదమూడేళ్ల అక్క నన్ను చంకనేసుకుని పెంచింది. బావ పోయి పదేళ్లయింది. పిల్లలు లేరు. ఏ పని మొదలుపెట్టినా ప్రార్థన చేసే మొదలుపెట్టాలని, ప్రార్థన చేసేటప్పుడు చెయ్యి పైకెత్తాలని నాకు నేర్పింది ఆమే. నా చిన్న చెయ్యి అందుకుని పైకెత్తి, దించకుండా పట్టుకునేది. గిన్నెలో సంగటి చల్లారిపోతున్నా సరే, ఆమేన్ అనేవరకు వదిలేది కాదు. అరవై ఏళ్లు దాటినా నా చెయ్యి ఆ అలవాటు మర్చిపోలేదు.

పోయిన మార్చిలో నాకు బీపీ అని తేలింది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చూసి నూట డెబ్బై అంది. మాత్రలు రాసి, "ఇంట్లో ఒక మిషన్ పెట్టుకోండి పెద్దాయనా. జబ్బకు పట్టీ చుట్టేదే తీసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి" అని చెప్పింది. అక్కకు ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. నెలనెలా నర్సమ్మ ఇచ్చే మాత్రలు మింగుతూ ఆమె ఏ గొడవా లేకుండా ఉంది. నాకు మాత్రం ఆ నూట డెబ్బై అవమానంగా తోచింది. ఎవరో నన్ను పట్టుకుని తిట్టినట్టుగా ఇంటికొచ్చాను.

మరుసటి రోజే జీవమ్మను వెంటబెట్టుకుని కడపకు పోయాను. ఆసుపత్రి సామాన్లమ్మే అంగడి అది. అంగడాయన పేరు హరినాథ్, నిదానస్తుడు. బస్సు దిగి నడిచొచ్చారు గదా అని పది నిమిషాలు కూర్చోబెట్టాడు. తర్వాత జబ్బకు ఒక మిషన్ చుట్టి చూశాడు. నూట అరవై ఎనిమిది. నాకు నచ్చలేదు. ఇంకో కంపెనీది చుట్టించుకున్నాను. నూట అరవై ఆరు. అదీ నచ్చలేదు.

"ఆ అద్దాల్లో వాచీ మాదిరి ఉండాదే, అదేంది?" అన్నాను.

"అది మణికట్టుకు కట్టుకునేది. అదీ మంచిదే గానీ, దాంతో శానా జాగర్తగా ఉండల్ల. ఇంట్లోకి ఈ జబ్బకు చుట్టేదే మేలు పెద్దాయనా."

నేను వినకుండా అది కట్టించుకున్నాను. నాకు చూపు తక్కువ. అంకెలు కనబడాలని చెయ్యి కళ్ల ముందుకు, నొసటి దాకా ఎత్తి పట్టుకున్నాను. అది బుస్సుమని బిగిసి, వదిలి, నూట ముప్పై ఎనిమిది చూపించింది.

"ఇదీ మిషన్ అంటే!" అన్నాను.

"చెయ్యి అట్ల ఎత్తగూడదు పెద్దాయనా" అన్నాడు హరినాథ్. "గుండెకు సమానంగా పెట్టుకోని చూడల్ల. ఎత్తితే తక్కువ చూపిస్తాది."

ఆ మాట నా చెవిన పడింది. పడలేదని ఈరోజు ఎవరితోనూ అనలేను. కానీ అప్పటికే నూట ముప్పై ఎనిమిది నా లోపలికి వెళ్లి కూర్చుంది. దాన్ని లేపి పంపించడం నాకు ఇష్టం లేకపోయింది.

బస్సులో జీవమ్మ ఊరుకోలేదు. "శెనక్కాయలు అమ్మేటప్పుడు కాటా తక్కువ చూపిస్తే యాపారి మిందికి కొట్లాటకు పోతావు. ఈడ తక్కువ చూపించే కాటానే ముద్దుపెట్టుకోని తెచ్చుకుంటాండావే!"

"కాయలు వేరే, రోగం వేరే. నీకు తెలీదు, ఊరుకోమే" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. మిషన్ కట్టుకున్నాను, బొత్తాము నొక్కాను. ఏ పనికైనా ముందు ప్రార్థన కదా. కళ్లు మూసుకుని, ఆ కట్టిన చెయ్యే పైకెత్తి, "ప్రభువా, ఈ దాసుని జ్ఞాపకం చేసుకో" అని మొదలుపెట్టాను. నేను ఆమేన్ అనేసరికి మిషన్ కూత పెట్టింది. రోజూ అలాగే. పది రోజులు మాత్రలూ వేసుకున్నాను. పదకొండో రోజు నూట ఇరవై నాలుగు వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకునే సమయం అది. "డాక్టరమ్మ నూట డెబ్బై అనింది. నా దేవుడు నూట ఇరవై నాలుగు అన్నాడు. ఈ పొద్దు నుంచి నాకు మాత్రలతో పని లేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. అంత సంతోషం నా మాటకు ఎప్పుడూ దొరకలేదు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య మాత్రం నన్ను పక్కకు పిలిచి, "మాత్రలు ఆపేముందు డాక్టరమ్మను అడిగినావా రాజన్నా?" అన్నాడు. "ఆమెకంటే పెద్ద డాక్టరును అడిగినానయ్యా" అన్నాను. వయసులో చిన్నవాడు, తల ఊపి వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగిపోతే నా ఒక్కడి తల మాత్రమే పగిలేది. కానీ జనం నన్ను ఆపనివ్వలేదు, నాకూ ఆగాలని లేదు. మరుసటి ఆదివారం నుంచి చర్చి వరండాలో బల్ల మీద కూర్చునేవాణ్ణి. బీపీ ఉన్నవాళ్లు వరుసగా వచ్చేవాళ్లు. ఒక్కొక్కరి మణికట్టుకు మిషన్ కట్టి, వాళ్ల చెయ్యి నా చేతుల్లోకి తీసుకుని పైకెత్తి ప్రార్థన చేసేవాణ్ణి. అందరికీ తగ్గింది. ఎందుకు తగ్గదు! మొత్తం పదకొండు మంది. వాళ్లలో అక్క ఒకతె.

అక్కకు నూట పద్నాలుగు వచ్చింది. ఆమె ఆ అంకెను చదవలేదు, నేను చదివి చెబితే నా ముఖం చూసి నవ్వింది.

"అయితే ఇంగ మాత్ర ఎందుకురా రాజూ? ఎనిమిదేండ్లు మింగితి. నోరంతా చేదు."

నేను మింగమని అనలేదు. మానమనీ అనలేదు. "నీ ఇష్టమక్కా. దేవుడు చేసిన మేలును మనం కాదనగూడదు" అన్నాను. ఇటు వంగినా అటు వంగినా తప్పు నామీదికి రాకుండా చెప్పిన మాట అది. అక్క నా నోటి నుంచి వచ్చిన ఏ మాటనైనా వాక్యంలా పట్టుకునేది. ఆ నెల నర్సమ్మ వస్తే, "నాకొద్దు తల్లీ, మా తమ్ముడు చూసినాడు, తగ్గిపోయినాది" అని చెయ్యి కూడా చాచకుండా పంపించేసింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. చెయ్యి ఎదమీద ఉంది. జీవమ్మ చప్పుడు చేయకుండా ఆ చేతికి మిషన్ కట్టి బొత్తాము నొక్కింది. అది బిగిసేసరికి నాకు మెలకువ వచ్చింది. నూట డెబ్బై రెండు.

"చూస్తివా?" అంది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేదు, భయం ఉంది. "చెయ్యి ఎత్తితే ఒకటి, దించితే ఒకటి. ఆ అంగడాయప్ప చెప్పనే చెప్పె."

"నిద్రలో ఉండేవాణ్ణి చూస్తే ఎట్ల సరిపోతాది? ప్రార్థన చెయ్యకుండా చూసినావు."

"మనిషికి ప్రార్థన గానీ మిషన్‌కు ఎందుకప్పా?"

నేను మిషన్ విప్పి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఆమెకు అందనంత ఎత్తున అటక మీద పెట్టాను. చర్చిలో చెప్పిన మాటను ఇంట్లో వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నం నేను కొంచెం సిగ్గుపడి ఉంటే సరిపోయేది. అంతకంటే ఎక్కువ ఏమీ అక్కర్లేకపోయింది.

జులైలో నాలుగు చినుకులు పడ్డాయి. విత్తనానికి శెనక్కాయలు ఒలవడానికి అక్క, జీవమ్మ మా వసారాలో కూర్చున్నారు. పొద్దు పది గంటలయింది. నేను చేలో తోలడానికి గుంటక బిగిస్తున్నాను. అక్క చేతిలోంచి కాయ జారింది. తీసుకుంది. మళ్లీ జారింది. "ఏందిమే, కాయ నిలవలేదు చేతిలో" అంది. ఆ మాట చివర నాలుక మందమయింది. నేను తలెత్తి చూసేసరికి అక్క మూతి ఒక పక్కకు వంగిపోతోంది. కుడి చెయ్యి చాటలోని కాయల మీద పడి ఉంది. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల చెయ్యిలా చూస్తోంది.

108 వచ్చింది. నేను అటక మీది డబ్బా తీసుకుని ఎక్కాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. బహుశా అది నా తరఫున సాక్ష్యం చెబుతుందనుకున్నానేమో.

కడప ఆసుపత్రిలో అక్కను లోపలికి తీసుకెళ్లి, ఏవేవో పరీక్షలు చేశారు. చౌడేశ్వరి అనే సిస్టర్ వివరాలు రాసుకోవడానికి మా దగ్గరకొచ్చింది. బీపీ రెండు వందల పది ఉందని చెప్పి, "మాత్రలు ఏసుకుంటాందా?" అని అడిగింది.

జీవమ్మ నా వైపు చూసింది. మాట్లాడలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నన్ను అలా ఒంటరిగా వదిలేయడం అదే మొదటిసారి.

"మానేసి నాలుగు నెలలాయ సిస్టర్. ఇంట్లో చూస్తాంటిమి. బాగుండె. నూట పద్నాలుగు" అన్నాను. డబ్బా తీసి చూపించాను.

"ఎట్ల చూస్తాంటిరి? నీ చేతికి కట్టుకోని చూపించు పెద్దాయనా."

కట్టుకున్నాను. నొక్కాను. చెయ్యి పైకెత్తి కళ్లు మూసుకున్నాను. ప్రార్థన మాత్రం రాలేదు. మిషన్ కూత పెట్టింది. నూట ముప్పై నాలుగు.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే నాకు కోపం వచ్చేది, ఆ కోపం చాటున దాక్కునేవాణ్ణి. ఆమె నవ్వలేదు. నా చెయ్యి నెమ్మదిగా దించి, బల్ల మీద దుప్పటి మడత పెట్టి, గుండె ఎత్తుకు సరిగ్గా ఆనించింది. మళ్లీ నొక్కింది. నూట డెబ్బై ఎనిమిది.

"మిషన్‌ది తప్పు కాదు పెద్దాయనా. బోరు నీళ్లు కింద కొళాయిలో దబదబా పడతాయి, మిద్దె మీదికి పోయేసరికి సన్నగా పడతాయి. రక్తం గూడా అంతే. చెయ్యి ఎత్తితే ఆ చేతికాడ తగ్గుతాది. గుండెకాడ తగ్గదు, తలకాయలో తగ్గదు."

"ప్రార్థన చేస్తాంటిమి" అన్నాను.

"చెయ్యండి. ఎవురు వద్దన్నారు? మాది నేతగాళ్ల ఇల్లు. మగ్గంలో కూర్చోకముందు మా నాయన గూడా అమ్మవారికి మొక్కుతాడు. మొక్కేది మొక్కేదే, నేసేది నేసేదే. చూసుకున్నాక మొక్కుకోండి."

ఆమె వెళ్లిపోయింది. నేను ఆ గోడ పక్కనే కూలబడి ఏడ్చాను. మూడేళ్ల పిల్లవాణ్ణి చంకనేసుకుని తిరిగిన కుడి చెయ్యి అది. దాన్ని నేనే పడగొట్టాను. ఇంకెవరి మీదికి నెడదామన్నా దారి లేదు. అంగడాయన చెప్పాడు, పాస్టరయ్య అడిగాడు, పెళ్లాం మిషన్ కట్టి మరీ చూపించింది. ముగ్గురి మాటా విని ముగ్గురినీ దాటేసి వచ్చాను.

అక్క ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆదివారం వచ్చింది. ఊరికి పోయాను. సాక్ష్యాల సమయంలో లేచాను. మిషన్ కట్టుకుని, చెయ్యి ఎత్తి ఒకసారి, బల్ల మీద పెట్టి ఒకసారి చూసి, రెండు అంకెలూ పాస్టరయ్య చేత చదివించాను. "మార్చిలో నేను చెప్పిన సాక్ష్యం తప్పు. నేను చెయ్యి ఎత్తించిన పదకొండు మందిలో మిగిలిన పదిమందీ రేప్పొద్దున డాక్టరమ్మ కాడికి పోండి. పోకనే మా అక్క పడిపోయినాది" అన్నాను. నాకంటే పెద్దవాడు, ఆ పదిమందిలో ఒకడు ఏసురాజన్న వెనకనుంచి లేచి, "అంటే ప్రార్థనకు శక్తి లేదంటావా ఏమప్పా?" అన్నాడు.

"ఉండాదన్నా. నాకే బుద్ధి లేదు" అన్నాను.

సోమవారం పొద్దున ఏడుగురు వెళ్లారు. తర్వాత ఇంకో ఇద్దరు. ఏసురాజన్న ఇప్పటికీ వెళ్లలేదు, నాతో మాట్లాడటమూ లేదు. అక్కతో కలిపి పదకొండు.

అక్కను ఇంటికి పంపే ముందు, రోజూ బీపీ చూడాలని డాక్టర్లు చెప్పారు. నేను జీవమ్మతో మళ్లీ హరినాథ్ అంగడికి పోయాను. అతను నన్ను గుర్తుపట్టాడు. జరిగింది చెప్పాను. విని, గల్లా పెట్టె వదిలి ఇవతలికి వచ్చాడు.

"ఈసారి ఏది ఎక్కువ చూపిస్తాదో అదే ఇయ్యప్పా" అన్నాను.

"ఎక్కువా వద్దు, తక్కువా వద్దు పెద్దాయనా. ఉండేది చూపిస్తే చాలు. మీ అక్క జబ్బ ఎంత లావు? కొలుచుకోని వచ్చినావా?"

కొలిచేదెందుకన్నాను. పట్టీల్లోనూ చిన్నవి, పెద్దవి ఉంటాయట. బక్క చేతికి పెద్ద పట్టీ చుడితే తక్కువ చూపిస్తుందట, లావు చేతికి చిన్నది చుడితే ఎక్కువ చూపిస్తుందట. తక్కువ అనే మాట వినగానే లేచాను. ఆసుపత్రికి తిరిగి పోయి, అక్క ఎడమ జబ్బ చుట్టూ నూలుదారం తిప్పి, కలిసినచోట ముడి వేసుకొచ్చాను. నన్ను ఎత్తుకు తిరిగిన అక్క జబ్బ ఒక జానెడు దారానికి లోపలే ఉంది. హరినాథ్ ఆ దారాన్ని టేపు మీద పరిచి కొలిచి, చిన్న పట్టీ ఉన్న మిషన్ తీసిచ్చాడు. నాకోసం పెద్ద పట్టీ కూడా పెట్టమని జీవమ్మ అడిగింది. నాకెందుకని నేను విసుక్కున్నాను. ఆమె నన్ను అడగకుండానే కొనిపించింది.

చర్చిలో చూపించిన ఆ ఆదివారం తర్వాత నేను బీపీ చూసుకోలేదు, మార్చిలో మానేసిన మాత్ర మళ్లీ ముట్టలేదు. జీవమ్మ రోజూ మాత్ర, నీళ్లు తెచ్చి పెట్టేది, నేను నీళ్లు తాగి మాత్ర గూట్లో పెట్టేవాణ్ణి. అక్కను ఆ గతికి తెచ్చినవాణ్ణి నేను బాగుండటమేమిటనిపించేది. ఇది బుద్ధి కాదని తెలుసు. ఏది బుద్ధో తెలిసి చేసిన పని నా చరిత్రలో తక్కువే.

అక్క ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున, కాఫీకి ముందు, ఆమె మంచం పక్కన కూర్చున్నాను. తలగడ ఆనించి కూర్చోబెట్టి, ఎడమ జబ్బకు పట్టీ చుట్టాను. అక్క కళ్లు మూసుకుంది. ఎడమ చెయ్యి పైకి లేచింది. వంకర తిరిగిన పెదవులు ప్రార్థనకు కదిలాయి.

ఆ చెయ్యి పట్టుకుని తలగడ మీదికి దించాను.

"దించక్కా. చూసినాక ప్రార్థన చేసుకుందాం."

అక్క కళ్లు తెరిచి నన్నే చూస్తూ ఉంది. మిషన్ బిగిసి వదిలింది. నూట యాభై ఎనిమిది.

"ఎంత?" అంది. మాట ముద్దగా ఉన్నా నాకు తెలుస్తుంది.

చెప్పాను.

"ఆ పొద్దు... నూట పద్నాలుగు గదరా."

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను ఆమెకు చెప్పలేదు. చర్చిలో అందరికీ చెప్పగలిగాను, ఈ ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. "అది తప్పు లెక్క అక్కా. చెయ్యి ఎత్తితే తక్కువ చూపిస్తాది. అంగడాయప్ప ఆ పొద్దే చెప్పినాడు. నేనే వినలేదు. నా వల్లనే నువ్వు మాత్ర మానేస్తివి" అన్నాను.

అక్క కళ్లు దించి తన కుడి చెయ్యి చూసుకుంది. తిట్టినా, కొట్టినా బాగుండుననిపించింది. ఎడమ చెయ్యి కదిలింది. కొట్టడానికేనని తల వంచాను. ఆ చెయ్యి నా జబ్బను తడిమింది.

"నీది... చూసుకున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను. గుమ్మంలో జీవమ్మ పెద్ద పట్టీ పట్టుకుని ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. వచ్చి నా జబ్బకు చుట్టింది. బొత్తాము నొక్కింది. పట్టీ బిగుస్తుంటే అలవాటుకొద్దీ నా చెయ్యి తనంతట తనే మంచం మీద నుంచి లేవబోయింది.

అక్క తన ఎడమ చెయ్యి నా మణికట్టు మీద వేసి దుప్పటికి అదిమి పట్టుకుంది. చిన్నప్పుడు పైకెత్తి పట్టుకున్నంత గట్టిగానే పట్టుకుంది. మిషన్ కూత పెట్టేదాకా వదల్లేదు.

నూట డెబ్బై ఆరు.

"మాత్ర తే జీవమ్మా" అంది అక్క. "ఇద్దరికీ."

జీవమ్మ రెండు మాత్రలు, ఒక చెంబు నీళ్లు తెచ్చింది. ముందు అక్క మింగింది, తర్వాత నేను మింగాను. ఆ తర్వాత ప్రార్థన చేసుకున్నాం.